గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు మారుస్తున్నారా? కొనే ముందు ఇవి చూడండి

గేటెడ్ కమ్యూనిటీ, రిసార్ట్, కాలేజీ క్యాంపస్, ఆసుపత్రి ఆవరణ... బగ్గీ (గోల్ఫ్ కార్ట్‌నే ఇలా అంటారు) ఎక్కడ తిరిగినా రెండు మూడేళ్లు గడిచాక ఒకే సమస్య వస్తుంది. రాత్రంతా చార్జింగ్ పెట్టిన బండి మధ్యాహ్నానికే నీరసపడిపోతుంది. ఆరుగురు కూర్చుంటే బేస్‌మెంట్ ర్యాంపు ఎక్కనంటుంది. ఫోన్ చేస్తే "బ్యాటరీ సెట్ మార్చాలి సార్" అంటారు. సెట్ మార్చడమంటే మాటలు కాదు, బగ్గీ మీద పెట్టే ఖర్చుల్లో అన్నిటికన్నా పెద్దది అదే. అసోసియేషన్ మీటింగులో మూడు కొటేషన్లు బల్ల మీద పెట్టి తక్కువ రేటుది ఖాయం చేసేస్తారు. చిక్కేమిటంటే ఆ మూడింటిలో ఉన్నవి తరచూ మూడు వేర్వేరు రకాల బ్యాటరీలు. వాటి రేట్లు పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీల్లేదు.

నన్నడిగితే రేటు కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. వచ్చే నాలుగైదేళ్లు ఈ బ్యాటరీలను ఎవరు చూసుకుంటారు? పదిహేను రోజులకోసారి మూతలు తీసి నీళ్లు చూసే మనిషి ఉన్నాడా? బగ్గీల్లో సీసం బ్యాటరీలు వాడి వాడి అరిగిపోయేది తక్కువ, నీళ్లు ఎండిపోయి, సరిగ్గా చార్జ్ కాక పాడయ్యేదే ఎక్కువ. ఈ ప్రశ్నకు ఉన్నదున్నట్టు జవాబు చెప్పుకుంటే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం లెక్కలు. వరసగా చూద్దాం.

ముందు పాత సెట్ సంగతి తేల్చండి

కొత్తవి కొనే ముందు పాతవి నిజంగానే పోయాయో లేదో చూసుకోండి. ఇందుకు ఒక మల్టీమీటరు, బ్యాటరీ షాపుల్లో దొరికే హైడ్రోమీటరు (యాసిడ్ సాంద్రత కొలిచేది) ఉంటే చాలు. సీటు ఎత్తే ముందు తాళంచెవి తీసేయండి. వేలి ఉంగరం, చేతి కడియం, స్టీలు వాచీ కూడా తీసి పక్కన పెట్టండి. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. 48 వోల్టుల బ్యాటరీ సెట్ షాక్ కొట్టకపోవచ్చు గానీ, స్పానర్ రెండు టెర్మినళ్ల మధ్య అడ్డంగా పడితే క్షణంలో ఎర్రగా కాలిపోతుంది. కళ్లను కాపాడే రక్షణ కళ్లజోడు లేకుండా యాసిడ్ దగ్గరకు వెళ్లొద్దు. చార్జింగ్ జరిగేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి ఆ దరిదాపుల్లో సిగరెట్టు, అగ్గిపుల్ల ఉండకూడదు.

రాత్రి పూర్తిగా చార్జ్ చేసి, చార్జర్ తీసేసి, మూడు నాలుగు గంటలు బండిని కదపకుండా ఉంచండి. 48 వోల్టుల సెట్ బాగుంటే మీటరు 51కి దగ్గరగా చూపిస్తుంది. 48.4 దగ్గర ఆగితే సగమే నిండినట్టు.

తర్వాత ఒక్కో సెల్‌లో, అంటే బ్యాటరీ మీది ఒక్కో మూత కింద ఉండే అరలో, హైడ్రోమీటరు పెట్టండి. బ్యాటరీలు నాలుగున్నా, ఆరున్నా, ఎనిమిదున్నా 48 వోల్టుల సెట్‌లో సెల్స్ 24 ఉంటాయి. కాగితం మీద 24 గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో అంకె రాసుకోండి. నిండా చార్జ్ అయిన సెల్ 1.265 నుంచి 1.280 మధ్య చూపాలి. ఎండాకాలంలో యాసిడ్ వేడిగా ఉంటే కాస్త తక్కువ వస్తుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ముఖ్యంగా చూడాల్సింది సెల్స్ మధ్య తేడా. ఇరవై మూడు 1.270 దగ్గర ఉండి ఒక్కటి మాత్రం 1.150 దగ్గరే ఆగిపోయిందంటే, బండిని పడుకోబెడుతున్నది ఆ ఒక్క సెల్. అలా కాకుండా 24 సెల్స్ సమానంగా 1.200 దగ్గర ఉంటే చార్జర్‌ను అనుమానించాలి. చార్జింగ్ చివర్లో సెట్ వోల్టేజీ 58, 59 దాకా వెళ్తోందో లేదో చూడండి. వెళ్లకపోతే కొత్త బ్యాటరీలు వేసినా ఆ చార్జర్ వాటినీ పాడు చేస్తుంది. ఇంకో మాట, నీళ్లు పోసిన వెంటనే రీడింగ్ తీయకండి. పోసిన నీళ్లు యాసిడ్‌తో కలవక ముందే తీస్తే అంకె తప్పు వస్తుంది.

కేబుళ్లు కూడా చూడండి. టెర్మినల్ దగ్గర సీసం కరిగిన ఆనవాలు, కేబుల్ తొడుగు నల్లబడటం కనిపిస్తే అది లూజు కనెక్షన్. తెల్లగా, పచ్చగా పేరుకున్న తుప్పును వంట సోడా కలిపిన నీళ్లతో బ్రష్ పెట్టి కడగండి. ఆ నీళ్లు సెల్ లోపలికి పోకుండా మూతలు బిగించి ఉంచండి. ఆరాక బిగించి వాజెలైన్ రాస్తే సరిపోతుంది. కొన్ని బండ్లు ఈపాటి దానికే తేరుకుంటాయి.

ఒక్క బ్యాటరీయే పోయిందని తేలితే? సెట్ కొని ఏడాది కూడా కాకపోతే ఆ ఒక్కటే మార్చడం సబబు. రెండేళ్లు దాటిన సెట్‌లో కొత్తది ఒక్కటి కలిపితే, పాతవాటితో పాటు అదీ త్వరగానే దిగజారుతుంది. అక్కడ సెట్ మొత్తం మార్చడమే మేలు.

మీ బండి ఎన్ని వోల్టులది?

ఒక బ్యాటరీ మీద మూతలు లెక్కపెట్టండి. మూడుంటే 6 వోల్టులు, నాలుగుంటే 8, ఆరుంటే 12. దాన్ని బ్యాటరీల సంఖ్యతో గుణిస్తే సెట్ వోల్టేజీ వస్తుంది. 48 వోల్టుల బండికి ఎనిమిది 6 వోల్టులవి గానీ, ఆరు 8 వోల్టులవి గానీ, నాలుగు 12 వోల్టులవి గానీ ఉంటాయి. పాత గోల్ఫ్ కార్టుల్లో ఆరు 6 వోల్టుల బ్యాటరీలతో నడిచే 36 వోల్టులవి ఉన్నాయి. పెద్ద బగ్గీల్లో 72 వోల్టులవీ ఉన్నాయి.

బండి ఎన్ని వోల్టులదైతే అన్ని వోల్టుల సెట్టే వేయాలి. స్పీడు వస్తుందని 36 బండికి 48 సెట్ పెట్టమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. కంట్రోలర్ (మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసేది), సోలినాయిడ్ (ఆ కరెంటును కలిపే, తెంచే పెద్ద స్విచ్చు), చార్జర్ అన్నీ మార్చకుండా అది కుదరదు, మోటారు కూడా తట్టుకోవాలి.

రోజుకు ఎన్ని యూనిట్లు కావాలి?

చాలామంది ఈ లెక్క వేయకుండా పాత లేబుల్ మీదున్నదే మళ్లీ కొంటారు. ఆ లేబుల్ గోల్ఫ్ మైదానం కోసం వేసిన లెక్క. హైదరాబాద్‌లో గోల్కొండ కోట దగ్గరి కోర్సులోనో, గచ్చిబౌలిలోని బౌల్డర్ హిల్స్‌లోనో 18 హోల్స్ ఆట ముగిసేసరికి బండి తిరిగేది ఇంచుమించు పది కిలోమీటర్లు, అదీ ఇద్దరు మనుషులతో, మధ్యలో బోలెడు విరామాలతో. అదే గేటెడ్ కమ్యూనిటీలో ఆరు సీట్ల బగ్గీ పొద్దున స్కూలు బస్సు వేళ మొదలై రాత్రి దాకా తిరుగుతూనే ఉంటుంది.

మీ బండి అవసరం కొలవడానికి తేలిక దారి ఉంది. చార్జర్ ప్లగ్గుకూ గోడ సాకెట్టుకూ మధ్య పెట్టే చిన్న ఎనర్జీ మీటరు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. బండిని ఫుల్ చార్జ్ చేసి, మామూలుగా ఒక రోజు తిప్పించి, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసుకోండి. మళ్లీ ఫుల్ అయ్యేదాకా చార్జ్ చేస్తే మీటరు ఎన్ని యూనిట్లు లాగిందో చెబుతుంది. వారం రోజులు ఇలా చేసి, అన్నిటికన్నా ఎక్కువ తిరిగిన రోజును లెక్కలోకి తీసుకోండి. పెళ్లిళ్లు, పండగలు ఉన్న వారమైతే ఇంకా మంచిది.

ఉదాహరణకు 30 కిలోమీటర్లు తిరిగిన రోజు గోడ దగ్గర 5 యూనిట్లు కాలాయి అనుకుందాం. చార్జర్‌లో, సీసం బ్యాటరీలో దాదాపు పావు వంతు వేడిగా పోతుంది. అంటే బండి నిజంగా వాడుకున్నది 3.75 యూనిట్లు. బ్యాటరీ పాతబడే కొద్దీ శక్తి తగ్గుతుంది కాబట్టి దీనికి మరో పావు వంతు కలపండి. సుమారు 4.7 యూనిట్లు. కొత్త సెట్ రోజూ హాయిగా ఇవ్వాల్సింది ఇంత.

ఇక బ్యాటరీలో ఎన్ని యూనిట్లున్నాయో చూడాలి. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. 8 వోల్టులు, 170 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు ఆరు ఉంటే 8.2 యూనిట్లు. 6 వోల్టులు, 225వి ఎనిమిది ఉంటే 10.8. 12 వోల్టులు, 150వి నాలుగు ఉంటే 7.2. కానీ సీసం బ్యాటరీలో ఉన్నదంతా వాడుకోకూడదు. రోజూ సగం దాకా వాడితే ఎక్కువ కాలం వస్తుంది. 80 శాతం దాటి ఖాళీ చేయడం దాన్ని చేతులారా పాడుచేసుకోవడమే. కాబట్టి 4.7 యూనిట్ల అవసరానికి 9.4 యూనిట్ల సెట్ కావాలి. మన ఉదాహరణలో ఎనిమిది 6 వోల్టుల బ్యాటరీల సెట్ సరిగ్గా సరిపోతుంది. ఆరు 8 వోల్టుల సెట్ కొత్తలో బాగానే ఉండి, ఏడాది తిరిగేసరికి ఇబ్బంది మొదలవుతుంది. నాలుగు 12 వోల్టుల సెట్ ఈ పనికి చాలదు. ఎనిమిది పెట్టే చోటు మీ బండిలో ఉందో లేదో టేపుతో కొలిచి చూసుకోండి, ఎత్తుతో సహా.

లేబుల్ మీది అంకెను నమ్మే ముందు

ఆంపియర్ అవర్ల అంకె పక్కన సీ20 అనో, సీ5 అనో ఉంటుంది. ఇరవై గంటల పాటు నెమ్మదిగా వాడితే వచ్చేది సీ20, ఐదు గంటల్లో వాడితే వచ్చేది సీ5. త్వరగా లాగే కొద్దీ సీసం బ్యాటరీ ఇచ్చేది తగ్గిపోతుంది. గోల్ఫ్ కార్టుల్లో బాగా పేరున్న ట్రోజన్ టీ-105నే చూడండి. సీ20 దగ్గర 225 ఆంపియర్ అవర్లు, సీ5 దగ్గర 185. అదే కంపెనీ 8 వోల్టుల టీ-875 సీ20 దగ్గర 170, సీ5 దగ్గర 145. బగ్గీ బ్యాటరీని ఇరవై గంటలు తీరిగ్గా వాడదు. రెండు కొటేషన్లు పోల్చేటప్పుడు రెండింటిలోనూ సీ5 అంకె రాసివ్వమని అడగండి. ఒకరు సీ20, ఇంకొకరు సీ5 రాస్తే తక్కువ అంకె ఉన్నదే నిజానికి పెద్ద బ్యాటరీ కావచ్చు.

"ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీలు నాలుగు వేసేయండి, సగం ఖర్చులో అయిపోతుంది" అనే సలహా తప్పకుండా వస్తుంది. ఇంట్లో కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లకు, లైట్లకు గంటల తరబడి కొద్దికొద్దిగా ఇవ్వడానికి అది మంచి బ్యాటరీ. ర్యాంపు ఎక్కేటప్పుడు బగ్గీ 200 ఆంపియర్లకు పైగా లాగుతుంది, ఆ లాగుడు దాని పని కాదు. పైగా ఎత్తు ట్యూబులర్లు సీటు కింద పట్టవు. కారు బ్యాటరీ అసలే వద్దు. దాని ప్లేట్లు పల్చగా ఉంటాయి, స్టార్టింగ్‌కు ఒక్క ఊపు ఇవ్వడానికి చేసినవి, రోజూ ఖాళీ చేస్తే నెలల్లో పోతాయి. ఈ-రిక్షా బ్యాటరీలు వీటికన్నా నయం. నాలుగు సీట్ల బండి, చదును నేల, తక్కువ తిరుగుడు అయితే నడుస్తుంది, ఎక్కువ కాలం మన్నుతుందని మాత్రం ఆశించకండి.

సీసమా, లిథియమా?

ఇక్కడే మొదట అడిగిన ప్రశ్న మళ్లీ ముందుకొస్తుంది. ఒక లెక్క చూద్దాం. అర్థం కావడం కోసమే ఈ గుండ్రటి అంకెలు, మీ కొటేషన్ అంకెలు పెట్టుకుని మళ్లీ వేసుకోండి. సీసం సెట్ లక్ష రూపాయలు, అదే పని చేసే లిథియం ప్యాక్ చార్జర్‌తో కలిపి 2 లక్షల 20 వేలు అనుకుందాం. శ్రద్ధగా చూసుకుంటే సీసం సెట్ నాలుగేళ్లు వస్తుంది, ఏడాదికి 25 వేలు. లిథియం ఎనిమిదేళ్లు వస్తే ఏడాదికి 27,500. దాదాపు సమానం. చూసుకునేవాళ్లు లేక సీసం సెట్ రెండేళ్లకే పోతే ఏడాదికి 50 వేలు. లిథియం చవకా, ఖరీదా అన్నది డిస్టిల్డ్ వాటర్ డబ్బా పట్టుకునే చేతిని బట్టి ఉంటుంది.

కాబట్టి నా సలహా సూటిగా చెబుతాను. పాత డ్రైవరో, ఎలక్ట్రీషియనో ఒకరే బాధ్యతగా బండిని చూసుకుంటుంటే మంచి ఫ్లడెడ్ (నీళ్లు పోసే రకం) డీప్ సైకిల్ (రోజూ బాగా ఖాళీ చేసి నింపడానికి చేసినవి) సీసం బ్యాటరీలు కొనండి. డబ్బు మిగులుతుంది, రిపేరు ఎక్కడైనా అవుతుంది. సెక్యూరిటీ ఏజెన్సీ మనుషులు నెలకోసారి మారిపోతూ, బండి ఎవరి చేతిలో పడితే వాళ్లు నడిపే చోట లిథియం తీసుకోండి. ఏజీఎం, జెల్ అనే మూసి ఉండే సీసం బ్యాటరీలకు నీళ్లు పోయనక్కర్లేదు. కానీ ఎక్కువ చార్జ్ అయితే తట్టుకోలేవు. వాటికి తగ్గ సెట్టింగు చార్జర్‌లో లేకపోతే ఆ జోలికి పోకండి.

వేడిని కూడా లెక్కలో వేసుకోండి. పది డిగ్రీలు పెరిగితే సీసం బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుంది. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద నిలిపిన బండికి నీళ్లు వారానికోసారి చూడాల్సి వస్తుంది. లిథియానికి కూడా ఎండ గిట్టదు. ఏ రకమైనా ఎండలోంచి వచ్చిన బండిని వెంటనే చార్జింగ్ పెట్టకుండా నీడలో కాసేపు చల్లారనివ్వాలి.

లిథియం అయితే అడగాల్సినవి

బగ్గీలకు తీసుకోవాల్సింది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, మార్కెట్లో ఎల్‌ఎఫ్‌పీ అంటారు. మిగతా లిథియం రకాలకన్నా మంటలంటుకునే ప్రమాదం తక్కువ, రెండు మూడు వేల సార్లు చార్జింగ్‌కు తట్టుకుంటుంది. దీన్ని 80 శాతం దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు కాబట్టి 100 ఆంపియర్ అవర్ల లిథియం, 170 ఆంపియర్ అవర్ల సీసానికి దాదాపు సాటి. మన ఉదాహరణలో 4.7 యూనిట్లకు 5.9 యూనిట్ల ప్యాక్ కావాలి. 51.2 వోల్టుల ప్యాక్ అయితే 120 ఆంపియర్ అవర్లు. 48 వోల్టుల బండికి 51.2 ఏమిటని అనుమానం రావచ్చు. ఒక్కో సెల్ 3.2 వోల్టులు, అలాంటివి 16 కలిస్తే 51.2. బండికి అది సరిపోతుంది. ఆరు 8 వోల్టుల సీసం బ్యాటరీలు 170 కిలోల పైనే తూగుతాయి, 100 ఆంపియర్ అవర్ల లిథియం ప్యాక్ 50 కిలోల దగ్గరే. ఆ మేరకు మోటారుకు భారం తగ్గుతుంది.

అన్నిటికన్నా ముందు బీఎంఎస్ గురించి అడగండి. ప్యాక్ లోపల సెల్స్‌ను కాపాడే సర్క్యూట్ అది. పరిమితి దాటి కరెంటు లాగితే ఆపేస్తుంది. మీ కంట్రోలర్ మీద ఎన్ని ఆంపియర్లని రాసుందో ఫోటో తీసి అమ్మేవారికి పంపండి. 300, 400 ఆంపియర్ల కంట్రోలర్ ఉన్న ఆరు సీట్ల బండికి 100 ఆంపియర్ల బీఎంఎస్ ఉన్న ప్యాక్ ఇస్తే, నిండా జనంతో ర్యాంపు మధ్యలో బండి టక్కున ఆగిపోతుంది. ఎడతెగకుండా ఎంత ఇస్తుంది, ఎన్ని సెకన్ల పాటు గరిష్ఠంగా ఎంత ఇస్తుంది అన్న రెండు అంకెలూ రాతపూర్వకంగా తీసుకోండి. దిగేటప్పుడు మోటారుతోనే బ్రేక్ పడే బండ్లు అప్పుడు పుట్టే కరెంటును బ్యాటరీకి తిరిగి పంపుతాయి. నిండా ఉన్న ప్యాక్ దాన్ని తీసుకోలేక కటాఫ్ అయితే ఆ బ్రేకింగ్ పోతుంది. అందుకే డబ్బు పూర్తిగా కట్టే ముందు ఫుల్ చార్జ్‌తో, ఫుల్ లోడుతో మీ ర్యాంపు ఎక్కించి, దింపించి చూడండి. ఫుట్ బ్రేక్ బాగా పడుతోందని నిర్ధారించుకున్నాకే ఆ ట్రయల్.

పాత చార్జర్ పనికిరాదు. సీసం చార్జర్లలో కొన్ని సెల్స్‌ను సమం చేయడానికి 60 వోల్టులు దాటి వెళ్తాయి, 16 సెల్స్ ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్‌కు హద్దు 58.4. పాత చార్జ్ మీటరు కూడా తప్పుగా చూపిస్తుంది, లిథియానికి వేరే డిస్‌ప్లే ఇవ్వమనండి. క్లబ్ కార్ కంపెనీ గోల్ఫ్ కార్టుల్లో కొన్ని పాత మోడళ్లలో చార్జింగ్‌ను బండిలోని కంప్యూటరే నియంత్రిస్తుంది, దాన్ని బైపాస్ చేయాల్సి ఉంటుంది. ఆ పని తెలిసిన మెకానిక్ ఉంటేనే దిగండి.

లోకల్‌గా అసెంబుల్ చేసిన ప్యాకులు మంచివీ ఉన్నాయి. సెల్స్ ఏ కంపెనీవి, కొత్తవా, వాడినవా, తయారీ తేదీ ఏమిటి, కెపాసిటీ టెస్ట్ రిపోర్టు ఉందా అని అడగండి. తడుముకోకుండా కాగితం చూపించేవాళ్ల దగ్గరే కొనండి. ఐదేళ్ల వారంటీ అన్నప్పుడు కెపాసిటీ ఎంత శాతానికి పడితే మార్చిస్తారో బిల్లు మీదే రాయించుకోండి.

కొనే రోజు, తర్వాతి వారాలు

సీసం సెట్ అయితే అన్నీ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే నెల తయారీవి కావాలి. ఒంటి మీది తేదీ కోడ్ ఏమిటో షాపులోనే అడిగి, ప్రతి బ్యాటరీ మీదా చూడండి. ఆరు నెలలుగా చార్జ్ చేయకుండా గోడౌన్‌లో పడి ఉన్న సరుకు కొత్తదైనా తీసుకోవద్దు. పాతవి విప్పే ముందు కేబుళ్ల అమరిక ఫోటో తీసుకోండి. ప్లస్ నుంచి పక్కదాని మైనస్‌కు వెళ్లే వరస ఒక్కచోట తారుమారైనా కంట్రోలర్ కాలిపోతుంది.

కొత్త సీసం బ్యాటరీలు మొదటి రోజు నుంచే పూర్తి శక్తి ఇవ్వవు. కొన్ని పదుల సార్లు చార్జ్ అయ్యాకే నిండు కెపాసిటీకి వస్తాయి. మొదటి నెల బండిని సగం కన్నా తక్కువే ఖాళీ కానివ్వండి. ఎంత తక్కువ తిరిగినా ఆ రాత్రే ఫుల్ చార్జ్ చేయాలి, ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. లిథియానికి ఈ బెంగ లేదు. నీళ్లు చార్జింగ్ అయ్యాకే పోయాలి, ముందు నిండా పోస్తే యాసిడ్ పొంగి బయటికొస్తుంది. చార్జింగ్‌కు ముందు చూసినప్పుడు ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగే వరకే పోయండి. డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ వద్దు. బోరు నీళ్లే కాదు, ఆర్వో నీళ్లు కూడా పనికిరావు, వాటిలోనూ లవణాలు మిగిలే ఉంటాయి.

పాత సెట్‌ను తూకం వేయించి, ఎన్ని కిలోలో రాయించుకుని, ఆ విలువ కొత్త బిల్లులో తగ్గించమనండి. సీసానికి మంచి ధర ఉంది, ఊరికే వదిలేయకండి. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2022 ప్రకారం పాత బ్యాటరీలను మామూలు చెత్తలో కలపకూడదు, వాటిని సేకరించే, రీసైకిల్ చేసే వాళ్లకే ఇవ్వాలి. ఇది లిథియం ప్యాకులకూ వర్తిస్తుంది. ఎక్కువ డబ్బిస్తానని వచ్చే పాత ఇనుప సామాన్ల బండికి అమ్మితే, యాసిడ్ ఏదో కాలువలో పారబోసి, సీసాన్ని బహిరంగంగా కరిగించే ప్రమాదముంది. ఆ పొగ అక్కడి పిల్లల రక్తంలోకి చేరుతుంది. డీలర్‌కే ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకుని అసోసియేషన్ ఫైల్లో పెట్టండి.